ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా: స్కాలర్‌షిప్ వ్యాసంలో నా గురించి ఏం రాయాలి?

అమ్మా, నీ ప్రశ్న చదివాను. కాశీనగరం దగ్గర పల్లె, పదో తరగతి, బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు. ప్లస్ టూ చదువుకి స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్ళు "నేను చదివిన సాహిత్యం, నాకు తెలిసిన చరిత్ర, నా నేపథ్యం" అని రెండు పేజీల వ్యాసం అడిగారు. నీ బెంగలు మూడు. మాది చెప్పుకోదగ్గ కుటుంబం కాదన్నావు. తెలుగు పుస్తకాలు చదవలేదు, ఒడియా పాఠాలే వచ్చన్నావు. అటు ఆంధ్రా చుట్టాల పిల్లలు నీ తెలుగుకి నవ్వుతారు, ఇటు బళ్ళో తెలుగుపిల్ల అంటారు, రెంటికి చెడ్డ రేవడినయ్యాను అన్నావు. చివర్లో ఒక్క ముక్క చెప్పావు: నాన్నమ్మ ట్రంకుపెట్టెలో తెలుగులో రాసిన పాత భూమి దస్తావేజు ఉంది, మా ఇంట్లో పాతదంటే అదొక్కటే అని.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఆ దస్తావేజు మీదే రాయి. సాహిత్యానికి ఒక పేరా, చరిత్రకి ఒక పేరా, నేపథ్యానికి ఒక పేరా అని వాటాలు వెయ్యకు. ఆ కాగితం ముందు పెట్టుకుని, ఎవరు ఎవరికి రాసిచ్చారు, ఎప్పుడు, ఎందుకు అని అడుగుతూ వెళ్ళు. నీ కుటుంబం అందులోనే ఉంది. చరిత్ర దాని మీదున్న ముద్రలోనూ తేదీలోనూ ఉంది. భూమి గురించి నువ్వు బళ్ళో చదివిన కథ ఏదుంటే అది దాని పక్కన పెట్టు, సాహిత్యమూ వచ్చేస్తుంది. రెండు పేజీలకి అంతకన్నా సరుకు అక్కర్లేదు.

నేను గంజాం, గజపతి జిల్లాల హైస్కూళ్ళలో చరిత్రా తెలుగూ చెప్పి రిటైరయ్యాను. ఇలాంటి వ్యాసాలు పిల్లల చేత రాయించాను, పోటీలకొచ్చినవి దిద్దాను. ఎక్కువభాగం ఒకే తీరున మొదలవుతాయి. సాహిత్యం సమాజానికి అద్దం అని ఒక వాక్యం, అశోకుడు కళింగ యుద్ధం తర్వాత మారిపోయాడని ఒక వాక్యం, మాది పేద కుటుంబమైనా కష్టపడి చదువుతున్నాను అని ఒక వాక్యం. అన్నీ నిజాలే. కాని పైన పేరు తీసేస్తే ఆ వ్యాసం ఏ జిల్లా పిల్లదో, ఎవరి పిల్లదో చెప్పలేం. అశోకుడి గురించి రాయొద్దని నా మాట కాదు. గంజాం జిల్లా జౌగడలో, రుషికుల్య ఒడ్డున, ఆయన శాసనాలు రాతి మీద ఇప్పటికీ ఉన్నాయి. నువ్వు వెళ్ళి ఆ రాయి చూసుంటే తప్పకుండా రాయి. చూడకపోతే పెట్టెలో కాగితమే నీకు దగ్గర.

దస్తావేజు ఎలా చదవాలో చెబుతాను. ఇది బళ్ళో ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మొదట స్టాంపు కాగితం మీద బొమ్మ చూడు. బ్రిటిష్ రాజు ఐదో జార్జి అయితే ఆయన 1936 జనవరిలో పోయాడు, ఆరో జార్జి అయితే ఆ తర్వాతది. అమ్మకుండా మిగిలిన పాత స్టాంపులు కొన్నాళ్ళు వాడతారు కాబట్టి బొమ్మ ఒక్కదాన్నే నమ్మకు. తర్వాత తేదీ. ఇంగ్లీషు తేదీ లేకపోతే ఫసలీ అని ఒక అంకె ఉంటుంది. అది మన మద్రాసు వైపు రెవెన్యూ లెక్క, జులైలో మొదలవుతుంది. దానికి 590 కలుపు. ఫసలీ 1345 అంటే 1935 జులై నుంచి 1936 జూన్ దాకా. తెలుగు సంవత్సరం పేరు ఉంటే ఇంకా మంచిది. యువ అంటే 1935-36, ధాత అంటే 1936-37. అరవై ఏళ్ళకోసారి అదే పేరు మళ్ళీ వస్తుంది, అందుకని బొమ్మతోనూ ఫసలీతోనూ సరిచూసుకోవాలి.

ఆ తర్వాత సబ్ రిజిస్ట్రారు ముద్ర. ఏ ఊరు, ఏ జిల్లా అని ఉందో చూడు. ఈ ప్రాంతంలో ఊరు కదలకుండానే జిల్లా పేరు మారుతూ వచ్చింది. మీ వైపు గంజాం జిల్లా, 1992 అక్టోబరు 2 నుంచి గజపతి జిల్లా. పాతపట్నం వైపున్న మీ చుట్టాల ఊళ్ళు మొదట గంజాం, 1936 తర్వాత విశాఖపట్నం జిల్లా, 1950 నుంచి శ్రీకాకుళం జిల్లా. ముద్రలో ఏ పేరుందో చూస్తే నీ కాగితం ఈ వరసలో ఎక్కడ నిలబడుతుందో తెలుస్తుంది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం చెక్కుబందీ, అంటే నాలుగు దిక్కుల హద్దులు. తూర్పు ఫలానావారి భూమి, దక్షిణం కాలువ, పడమర ఫలానావారి భూమి అని రాస్తారు. మన ఊళ్ళ దస్తావేజుల్లో తూర్పున నాయుడు ఉంటే పడమరన పాణిగ్రాహి ఉంటాడు, ఉత్తరాన పాత్రో ఉంటాడు. సాక్షుల్లో ఒకరు తెలుగులో సంతకం చేస్తే ఇంకొకరు ఒడియాలో చేస్తారు. చదువురానివాళ్ళు నిశానీ, అంటే వేలిముద్రో గుర్తో, పెడతారు. చివర దస్తూరీ అని రాసినవాడి పేరు ఉంటుంది. రెండు భాషలవాళ్ళు ఒక పొలంగట్టుకి అటూ ఇటూ ఎలా బతికారో చెప్పడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం నువ్వు ఏ పుస్తకంలోంచీ తేలేవు. నీ కాగితంలో ఇలా ఉంటుందని హామీ ఇవ్వను. నువ్వే చూసి, ఏముంటే అదే రాయి. నాలుగు వైపులా ఒకే కులం పేర్లుంటే అది కూడా చెప్పవలసిన సంగతే.

ఇక చరిత్ర. నీ వ్యాసానికి 1936 ఒక్క సంవత్సరం చాలు, కాని దాన్ని అన్ని వైపుల నుంచీ చూడాలి.

మన ఇళ్ళలో చెప్పుకునేది ఒక వైపు మాత్రమే. 1936 ఏప్రిల్ 1న, ధాత నామ సంవత్సరం ఉగాది వెళ్ళిన కొద్ది రోజులకే, ఒడిశా వేరే రాష్ట్రమైంది. అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం జిల్లాలో పెద్దభాగం, కోరాపుట్ ప్రాంతం అందులో కలిశాయి. పర్లాకిమిడి జమీందారీని చీల్చి, ఊరినీ చుట్టుపక్కల కొంతభాగాన్నీ ఒడిశాకి ఇచ్చారు, మిగతాది మద్రాసులో ఉండిపోయింది. అప్పటికి పర్లాకిమిడిలో తెలుగువాళ్ళు చాలా ఎక్కువ. ఒక్క పొద్దులో వాళ్ళు కొత్త రాష్ట్రంలో అల్పసంఖ్యాకులయ్యారు. మీ నాన్నమ్మ అత్తగారి తరం ఆ రోజు గురించి బాధతోనే మాట్లాడి ఉంటుంది.

రెండో వైపు మీ ఒడియా మాస్టారి ఇంట్లో చెప్పుకుంటారు. అంతకుముందు ఒడియావాళ్ళు మద్రాసులో, బెంగాల్లో, మధ్యపరగణాల్లో (సెంట్రల్ ప్రావిన్సెస్) ముక్కలుగా పడి ఉన్నారు. ఎక్కడికక్కడ అల్పసంఖ్యాకులే. 1870 ప్రాంతంలో బాలేశ్వర్ వైపు బళ్ళలో ఒడియా తీసేసి బెంగాలీ పెట్టాలనీ, అసలు ఒడియా వేరే భాషే కాదనీ వాదించినవాళ్ళున్నారు. గంజాంలో కచేరీలు, అంటే సర్కారు ఆఫీసులు, ఉద్యోగాలు తెలుగువాళ్ళ చేతుల్లో ఉండటం చూసి, మా భాష ఇక్కడా పోతుందని ఒడియావాళ్ళు భయపడ్డారు. ఆ భయంలోంచే 1903లో ఉత్కళ సమ్మిళని అనే ఒడియావాళ్ళ సంఘం పుట్టింది. 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో ఒడిశా రాష్ట్రం కోసం మాట్లాడినవారు మన పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవే. 1937లో ఆ రాష్ట్రానికి మొదటి ప్రధానమంత్రి (ఇప్పటి ముఖ్యమంత్రిని అప్పట్లో అలా అనేవారు) కూడా ఆయనే.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడు. మీ ముత్తవ్వ పడ్డ బాధా, మీ ఒడియా మాస్టారి ముత్తాత పడ్డ భయమూ ఒకటే: నా పిల్లలు నా భాషలో చదువుకోలేరేమో అని. ఇది పదో తరగతి పిల్ల రాయగలదు. రెండు భాషలూ చెవిలో పడుతూ పెరిగిన పిల్ల ఇంకా బాగా రాయగలదు. నువ్వు లోటనుకుంటున్నది ఈ వ్యాసంలో నీకున్న బలం. ఒక్క భాషే వచ్చినవాళ్ళు ఒక్క వైపే వింటారు.

మూడో వైపు కూడా ఉంది, దాన్ని మనం తరచు మర్చిపోతాం. కొండల మీద సవరలున్నారు. గజపతి, రాయగడ జిల్లాల్లో ఈ నేల మీద మనకన్నా ముందు నుంచీ ఉన్నవాళ్ళు. తెలుగుకి కచేరీ కావాలా, ఒడియాకి కావాలా అని మనం తగవుపడుతుంటే వాళ్ళ భాషని ఎవరూ లెక్కలో వెయ్యలేదు. లెక్కలో వేసిన మనిషి పర్లాకిమిడి బళ్ళో పంతులు, గిడుగు రామమూర్తి.

ఆయన గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నీ వ్యాసానికి ఆయన దారి చూపిస్తారు. 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టారు. మీ ఊరి పక్కన పారే ఏరే అది. 1880లో పర్లాకిమిడి రాజావారి బళ్ళో ఉపాధ్యాయుడయ్యారు, తర్వాత కాలేజీలో చరిత్ర చెప్పారు. తండ్రి చిన్నప్పుడే పోయారు, పై చదువు ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా చదువుకున్నారు. ముఖలింగం గుళ్ళలో రాళ్ళ మీదున్న శాసనాలు చదవడం తనంతట తాను నేర్చుకున్నారు. సవరల మాట అర్థం చేసుకోవాలని సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకి బళ్ళు పెట్టించారు, వాచకాలు రాశారు. 1931లో సవర వ్యాకరణం, తర్వాత నిఘంటువులు వచ్చాయి. ఆయన దగ్గర మొదట ఉన్నవి ఊళ్ళో రాళ్ళు, సంతకి దిగివచ్చే మనుషులు. అక్కడి నుంచే మొదలుపెట్టారు. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు, జీవితమంతా గడిపిన పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. 1940లో మద్రాసులో పోయారు. అదే 1936లో మంగై గొమాంగో అనే సవర పెద్ద తన భాషకి సొంత లిపి తయారుచేశారు. సొరాంగ్ సొంపెంగ్ అంటారు దాన్ని. ఒకే ఏడాది ఒడియావాళ్ళకి రాష్ట్రం వచ్చింది, గిడుగువారికి ఊరు పోయింది, సవరలకి లిపి వచ్చింది. నీ దస్తావేజు ఆ ఏడాదికి అటూ ఇటూ ఉంటే, వ్యాసం నడుము అక్కడే కట్టు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పేర్ల దండ కట్టకు. తాపీ ధర్మారావు బరంపురంలో పుట్టారు, రాష్ట్రపతి వి.వి. గిరి బరంపురంలో పుట్టారు, జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చారు. ఇవన్నీ గర్వపడవలసినవే, నాకూ గర్వమే. కాని మీ నాన్నమ్మ కాగితానికీ వీళ్ళకీ సంబంధం లేకపోతే వ్యాసంలో వాళ్ళకి పనిలేదు. గిడుగువారిని కూడా, ఆయన చేసిన పని నీకు అక్కరకొస్తేనే తీసుకో.

సాహిత్యం సంగతి. తెలుగు పుస్తకాలు చదవలేదని కుంగిపోకు. ఒడియా పాఠాలు చదివానన్నావు కదా, అది కూడా నీ సాహిత్యమే. ఫకీర్ మోహన్ సేనాపతి పేరు నీకు బళ్ళో తెలిసే ఉంటుంది. బాలేశ్వర్‌లో అచ్చుయంత్రం పెట్టి, ఒడియాని బళ్ళలో నిలబెట్టడానికి పాటుపడ్డ మనిషి. ఆయన నవల "ఛ మాణ ఆఠ గుంఠ"లో ఊరి జమీందారు ఒక నేత దంపతులకి ఆశపెట్టి, అప్పిచ్చి, వాళ్ళ కాస్త భూమీ కాజేస్తాడు. ఆ నవల 1897లో పత్రికలో రావడం మొదలైంది. అదే 1897లో విజయనగరం గురజాడ అప్పారావు "కన్యాశుల్కం" మొదటి కూర్పు అచ్చయింది. బాలేశ్వర్ మనిషి ఒకరు, విజయనగరం మనిషి ఒకరు, ఇద్దరూ జనం మాట్లాడే మాటలతోనే, జనం మధ్య జరుగుతున్న అన్యాయం రాశారు. ఒకరు భూమి గుంజుకోవడం గురించి, ఒకరు పసిపిల్లల్ని డబ్బుకి కట్టబెట్టడం గురించి. ఆ రెండు ఊళ్ళకీ నడుమ ఉన్నది మీ ఊరు.

నువ్వు నవలంతా చదవకపోయినా, పాఠంలో వచ్చిన భాగం చదివుంటే చాలు. దాన్ని నీ దస్తావేజు పక్కన పెట్టి ఒక్క ప్రశ్న వేసుకో: మా భూమి కాగితంలో నిశానీ పెట్టిన మనిషికి అందులో ఏం రాసుందో ఎవరైనా చదివి వినిపించారా? ఆ ప్రశ్న వేసుకున్న పిల్లకి సాహిత్యం అర్థమైందని నేను నమ్ముతాను. ఇష్టమైన రచయిత ఎవరు, ఆయన శైలి ఎలా ఉంటుంది అని అరపేజీ రాసేకన్నా ఇది బలంగా ఉంటుంది. చదవనిది చదివినట్టు మాత్రం రాయకు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది.

పుస్తకంలో లేని సాహిత్యమూ నీకుంది. చైత్రంలో దండనాట అనే భక్తి ఆటపాట మీ వైపు వస్తుంది. శ్రీకాకుళం వైపు నుంచి జముకుల కథ చెప్పేవాళ్ళు వచ్చేవారు. నాన్నమ్మకి పాటలేమైనా వస్తే ఒకటి రాసుకో. అదీ సాహిత్యమేనని చెప్పడానికి జంకకు.

ఇప్పుడు నేను చూసినవి చెబుతాను.

ఒక అబ్బాయి "మా ముత్తాత బర్మాలో పనిచేశారు" అని ఒక్క వాక్యం రాసి, తర్వాత పేజీన్నర స్వాతంత్ర్య పోరాటం రాసుకొచ్చాడు. మన గంజాం నుంచి, విశాఖ జిల్లా నుంచి వేలమంది కూలికి రంగం, అంటే బర్మాలో రంగూన్, వెళ్ళారు. గోపాలపురం రేవులో స్టీమరెక్కేవారు. ధాన్యం మిల్లుల్లో, రేవుల్లో పనిచేసేవారు. 1941 డిసెంబరులో జపానువాళ్ళు రంగం మీద బాంబులు వేశాక, ఓడలు దొరకనివాళ్ళు అడవుల్లో పడి నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్ళకి లెక్క లేదు. ఆ అబ్బాయిని నేనడిగింది ఒక్కటే, మీ ముత్తాత ఎలా తిరిగొచ్చాడు అని. ఇంటికెళ్ళి అడిగాడు. ముత్తాత ఒక్కడే వచ్చాడనీ, ఆయన తమ్ముడు రాలేదనీ, ఆ తమ్ముడి పేరే తన తాతకి పెట్టారనీ తెలిసింది. మళ్ళీ రాసినప్పుడు స్వాతంత్ర్య పోరాటం పేజీన్నరా తనే తీసేశాడు. ఆ ఇంట్లో ఆ పేరు ఎందుకు నిలిచిందో రాశాడు. నేను దిద్దినవాటిలో ఇప్పటికీ గుర్తున్న వ్యాసం అది.

బరంపురంలో ఒక అమ్మాయిది నేతవాళ్ళ కుటుంబం. మగ్గం గురించి రాయడం నామోషీ అనుకుంది. మహురి రాజుల కాలంలో వచ్చి స్థిరపడ్డ తెలుగు నేతకారుల వంశం వాళ్ళది. బరంపురం పట్టు అని దేశమంతా పేరున్న చీరలు ఆ మగ్గాల మీదవే. రెండేళ్ళకోసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్రలో అమ్మవారు తన గుడి వదిలి దేశిబెహెరా ఇంటికి, అంటే నేతవారి పెద్ద ఇంటికి, కూతురు పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. ఒడియా పట్నమంతా కొలిచే అమ్మవారికి పుట్టిల్లు తెలుగు నేతవాళ్ళ వీధి. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ ఆ యాత్ర చూస్తోంది, ఇందులో రాయడానికేముంది అనుకుంది. తను రోజూ చూసేది ఇంకెవరికీ తెలియదని ఆ వయసులో తోచదు. నీకూ అదే అయింది. దస్తావేజుని "అదొక్కటే" అన్నావు.

కాశీనగరం అన్నావు కాబట్టి ఇంకో ఆధారం చెబుతాను. నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో మొదలైంది, 1931కి గుణుపురం దాకా పొడిగించారు. మీ ఊరి మీదుగానే. 2004లో చిన్న గేజి ఆపేసి, బ్రాడ్‌గేజ్ వేశాక 2011లో మళ్ళీ గుణుపురం దాకా నడిచింది. ఇది వ్యాసంలో పెట్టమని కాదు, నాన్నమ్మతో మాట్లాడేటప్పుడు వాడుకోమని. పెద్దవాళ్ళని "ఏ సంవత్సరం" అని అడిగితే చెప్పలేరు. "నువ్వు కాపురానికొచ్చినప్పుడు చిన్న రైల్లో వచ్చావా? నీ అత్తగారు ఈ భూమి గురించి ఏమనేది? 1999 తుఫానుకి ఈ పెట్టె తడిసిందా?" అని అడుగు. మాటలు వాటంతటవే వస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి వంశధార పొంగినప్పుడు నువ్వు చిన్నపిల్లవి, కాని నీకే కొంత గుర్తుంటుంది. అప్పుడు ఇంట్లోంచి ముందు ఏం బయటికి తీశారో, ఆ ట్రంకుపెట్టె ఎక్కడ పెట్టారో అడుగు. అది కూడా నీ దస్తావేజు కథలో భాగమే.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి.

విన్నది వేరు, కాగితంలో ఉన్నది వేరు. "మా ఇంట్లో ఇలా చెప్పుకుంటారు" అని విన్నదానికి, "దస్తావేజులో ఇలా ఉంది" అని చూసినదానికి వేరువేరుగా రాయి. భూమి రాజావారు మెచ్చి ఇచ్చారని ఇంట్లో అనుకోవచ్చు, కాగితంలో అప్పుకింద అమ్మినట్టు ఉండొచ్చు. అలా తేడా వస్తే దాచకు. ఆ తేడా వ్యాసానికి మేలే చేస్తుంది. జమీందారీ విషయం వస్తే ఒకటి గుర్తుపెట్టుకో: మీ వైపు జమీందారీలు 1951 ఒడిశా చట్టంతో పోయాయి, మీ చుట్టాల వైపు 1948 మద్రాసు చట్టంతో పోయాయి. ఒకే ఎస్టేటు, రెండు చట్టాలు. పట్టాలు అటువాళ్ళకి ఒకలా, ఇటువాళ్ళకి ఒకలా ఎందుకున్నాయని ఇంట్లో వాదన ఉంటే కారణం అందులో వెతుకు.

భూమి కాగితం కాబట్టి ఇంకో మాట. అన్నదమ్ముల తగాదాలు, అప్పులు, కోర్టు గొడవలు బయటపడొచ్చు. సర్వే నంబర్లూ, బతికున్నవాళ్ళ పేర్లూ వ్యాసంలో పెట్టకు. నాన్నమ్మకి చదివి వినిపించి, ఆమె సరేనంటేనే పంపు. ఆమె వద్దన్న ముక్క ఎంత బాగున్నా తీసెయ్యి. కాగితం మడతల దగ్గర చిరుగుతుంది, పదేపదే విప్పకు. ఒకసారి మంచి వెలుతురులో రెండు వైపులా ఫోటో తీసుకుని ఫోన్లోంచి చదువుకో.

నీ తెలుగు బాగోదన్న సంగతి. వ్యాసం ఒడియాలోగాని ఇంగ్లీషులోగాని పంపమన్నారని రాశావు. పంపేది ఏ భాషలోనైనా, మొదటి చిత్తు మాత్రం నాన్నమ్మతో మాట్లాడే తెలుగులోనే రాసుకో, తప్పులతోనే రాసుకో. ఆమె మాటలు ఆమె అన్నట్టే కాగితం మీద పడితే వివరం పోదు. బడి ఒడియాలో నేరుగా మొదలుపెడితే పాఠ్యపుస్తకం వాక్యాలు వచ్చి కూర్చుంటాయి, ఇది నేను చాలామంది పిల్లల్లో చూశాను. నీ మాట విని నవ్వేవాళ్ళ గురించి ఒక్కటి చెబుతాను. 1910ల్లో స్కూలు ఫైనల్ పిల్లలు వ్యాసం వాడుకభాషలో రాయొచ్చా లేదా అని మద్రాసు రాష్ట్రంలో పండితులంతా రెండు పక్షాలై కొట్లాడారు. రాయొచ్చు అన్న పక్షానికి ముందు నిలబడింది మీకు ఇరవై ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్ళో పంతులు. ఈవేళ తెలుగువాళ్ళంతా పేపర్లలో, కథల్లో రాస్తున్న భాష ఆ పక్షం గెలిచినందువల్ల వచ్చింది. ఆయన పుట్టినరోజే తెలుగు భాషా దినోత్సవం. నీ ఇంటి తెలుగుని ఎవరైనా తక్కువ చేస్తే తలదించుకోవలసిన పనిలేదు.

బళ్ళో తెలుగు చెప్పేవాళ్ళు లేరన్న బాధ నీ ప్రశ్నలో ఉంది. అది న్యాయమైన బాధ. అల్పసంఖ్యాక భాషల పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు అందే ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణంలోనే ఉంది. వ్యాసంలో రాయాలనిపిస్తే ఒక్క వాక్యంలో, ఎవరినీ నిందించకుండా రాయి: నేను తెలుగు అక్షరాలు ఎవరి దగ్గర, ఎలా నేర్చుకున్నాను అని. దస్తావేజు చదవడానికి నువ్వు అక్షరాలు కూడబలుక్కుంటూ కూర్చుంటే, అది రాస్తే చాలు. చదివేవాళ్ళకి మిగతాది అర్థమవుతుంది.

గడువు రెండు వారాలుందన్నావు. ఈ ఆదివారం ఫోటో తీసి, తేదీ, ముద్ర, చెక్కుబందీ, సాక్షులు, దస్తూరీ ఈ వరసలో ఒక కాగితం మీద ఎక్కించు. తెలియని అక్షరాలుంటే ఖాళీ వదులు, ఊహించి నింపకు. పాత చేతిరాతలో గొలుసుకట్టు ఉంటుంది, ఊళ్ళో పాత కరణంగారి కుటుంబం ఎవరైనా ఉంటే చదివి పెడతారు. తర్వాత నాన్నమ్మని అడుగు. మూడోది ఒడియా పాఠం మళ్ళీ చదువు. ఆ తర్వాతే రాయడానికి కూర్చో. రెండు పేజీల్లో మూడు తేదీలకన్నా ఎక్కువ పెట్టకు. ముగింపులో "భవిష్యత్తులో దేశానికి సేవ చేస్తాను" లాంటివి అక్కర్లేదు, ప్లస్ టూలో ఏం చదవాలనుకుంటున్నావో, ఎందుకో చెప్పి ఆపెయ్యి.

చిత్తుప్రతి అయ్యాక ఇక్కడ పెట్టు, చూసి చెబుతాను. పెట్టేముందు ఇంటిపేరు, ఊరిపేరు, సర్వే నంబరు తీసెయ్యి. దస్తావేజులో ముక్క అర్థం కాకపోతే ఫోటో మొత్తం పెట్టకు, ఆ వాక్యం మటుకు టైపు చేసి అడుగు.